మాటలు ఆలస్యమా? ముందు చెవి చూపించండి

గలగలా మాట్లాడేవాణ్ణి చూసి "చిన్నప్పుడు వీడికి వస కాస్త ఎక్కువే పోశారు" అంటాం. ఆగకుండా కబుర్లు చెప్పే పిల్ల వసపిట్ట. వసకొమ్ము అరగదీసి పసిపిల్లల నాలుక మీద రాస్తే మాటలు తొందరగా, స్పష్టంగా వస్తాయని మన పెద్దవాళ్ల నమ్మకం. పసిపిల్లలకి అది వద్దని పిల్లల డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారు, అది వేరే సంగతి లెండి. నాకు ఆలోచన తెప్పించింది వస గురించి కాదు, నాలుక గురించి. మాట రాకపోతే మనవాళ్ల చూపు ముందు నోటి మీదికే పోతుంది. నాలుక మందం అంటారు, నాలుక అంటుకుపోయింది అంటారు, ఫలానా గుడిలో మొక్కుకోమంటారు. చెవి సంగతి ఎవరికీ తట్టదు.

ఈ తికమక మన భాషలోనే ఉంది. "మూగ, చెవిటి" అని రెండూ కలిపి ఒకే గాటన కట్టేస్తాం, అదీ మూగని ముందు పెట్టి. నిజానికి అలాంటి పిల్లల్లో ఎక్కువమందికి గొంతు, నాలుక, పెదవులు అన్నీ శుభ్రంగా ఉంటాయి. మాట వినపడలేదు కాబట్టి మాట రాలేదు, అంతే. ప్రహ్లాదుడు తల్లి కడుపులో ఉండగానే నారదుడి బోధ విన్నాడని, అభిమన్యుడు పద్మవ్యూహం సంగతి విన్నాడని చెప్పుకునే జాతి మనది. మనకే ఇది గుర్తు చెయ్యాల్సి రావడం విచిత్రం. కథల్లో ఉన్నంత కాకపోయినా, కడుపులో చివరి మూడు నెలల్లో శిశువుకి శబ్దాలు వినిపిస్తాయి. పుట్టేసరికి అమ్మ గొంతు గుర్తుపడుతుంది. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియా పుట్టేనాటికే పెద్దవాళ్ల సైజులో ఉంటుంది. అంటే వినగలిగే బిడ్డ మూడు నెలల సిలబస్ పూర్తి చేసుకుని మరీ పుడుతుంది. వినపడని బిడ్డ మొదటి రోజే వెనకబడి ఉంటుంది, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ఉప్పల్, నాచారం చుట్టుపక్కల ఏ ఆసుపత్రిలో కాన్పు జరిగినా, తల్లీబిడ్డల్ని ఇంటికి పంపే ముందు బిడ్డ చెవి పరీక్ష జరగాలి. బీసీజీ టీకా ఎవరూ అడక్కుండానే ఎలా వేస్తారో అలాగే. లోపం ఉందని తేలిన బిడ్డకి మిషన్ పెట్టినా, ఆపరేషన్ చేసినా, సైగల భాష నేర్పినా, ఇంట్లోవాళ్లు పూర్తిగా పాలుపంచుకునే ఒక భాష వెంటనే అందాలి. ఈ రెండో మాట మన క్లబ్బుకి సంబంధించింది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఈ రెండు పేటల గురించే ఎందుకంటే, ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. నాచారం, ఉప్పల్, మల్లాపూర్ ఇండస్ట్రియల్ ఏరియాల్లో పనిచేసే కుటుంబాలు చాలావరకు వలస వచ్చినవే. శ్రీకాకుళం, పాలమూరు, నల్లగొండ నుంచే కాదు, ఒడిశా, బీహార్ నుంచి కూడా. ఒకటో రెండో గదుల అద్దె ఇల్లు, భార్యాభర్తలిద్దరికీ పని. నెల జీతం 21 వేల లోపు ఉండి ఈఎస్‌ఐ కార్డు ఉంటే నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. లేకపోతే వీధి చివరి నర్సింగ్ హోమ్. పిల్లవాడికి మూడేళ్లు నిండగానే సందులో ఉన్న ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం బడి.

పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాల్ని ముందే పట్టుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. పుట్టుకతో వచ్చే చెవుడు దాని జాబితాలో ఉంది. ఆ వైద్య బృందాలు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకి ఏడాదికోసారి వెళ్లాలి. పథకం మంచిదే. కానీ మన వీధుల్లో ఎంతమంది పిల్లలు అంగన్‌వాడీకి వెళ్తున్నారు? ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో పుట్టి, ప్రైవేటు ప్లేస్కూల్‌కి వెళ్లే పిల్ల ఈ వలలో ఎక్కడా పడదు. అప్పు చేసి "మంచి" చోట్లకి పంపినందుకు ఆ తల్లిదండ్రులకి దక్కేది ఇదన్నమాట.

ఇక ఎదురుచూపులు. మాటలు రాలేదే అని తల్లికి అనుమానం వస్తే చుట్టూ ఉన్నవాళ్లు ధైర్యం చెప్తారు. "వాళ్ల నాన్నకీ నాలుగేళ్లదాకా మాటల్లేవమ్మా, ఇప్పుడు చూడు." "మగపిల్లలకి ఆలస్యమే." మా అపార్ట్‌మెంట్‌లో ఒక ఆంటీ తన మనవడి వెనక నిలబడి స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టి చూపించారు. వాడు తిరిగి చూశాడు. "వినపడకపోతే ఎలా తిరుగుతాడు?" అన్నారు. చాలా రకాలుగా తిరుగుతాడు. గచ్చు మీద అదురు తెలుస్తుంది, గోడ మీద నీడ కదులుతుంది, ఎదురుగా ఉన్న అమ్మ కళ్లు పళ్లెం వైపు పోతాయి. వినికిడి తక్కువైన పిల్లల కళ్లు చాలా చురుగ్గా ఉంటాయి. పైగా కొంత వినికిడి ఉన్న పిల్లలకి పళ్లెం మోత వినపడుతుంది కూడా. వినపడనిది అమ్మ మెల్లగా అనే మాట.

ఇంకో మోసం కూడా ఉంది. పుట్టుచెవుడు ఉన్న పిల్లలూ మొదటి నెలల్లో అందరిలాగే ఉంగాలు కొడతారు. అది శరీరం తనంతట తాను చేసే సాధన. ఆరో నెల దాటాక, తమ గొంతు తమకి తిరిగి వినిపించే పిల్లలు "తాతాతా, బాబాబా" అని ముందుకెళ్తారు, వినిపించని పిల్లల్లో అది మందగిస్తుంది. సరిగ్గా ఆ సమయంలో ఇంట్లో అందరూ "మొన్నటిదాకా ఉంగాలు కొట్టాడుగా" అని నిశ్చింతగా ఉంటారు. ఏడాది దాటినా అత్త, తాత లాంటి ఒక్క మాటా లేకపోయినా, రెండేళ్లకి "అమ్మ పాలు" అని రెండు మాటలు కలపలేకపోయినా ఇంక ఆగకూడదు. అసలు అప్పటిదాకా ఆగడమే ఎక్కువ.

ఎంత తొందరగా అంటే, పిల్లల వినికిడి నిపుణులు 1-3-6 అని ఒక లెక్క చెప్తారు. నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు మిషనో శిక్షణో మొదలు. ఆ ఆరు ఎందుకు? 1998లో అమెరికాలోని కొలరాడోలో క్రిస్టీన్ యోషినాగా ఇటానో బృందం వినికిడి లోపం ఉన్న పిల్లల్ని పరిశీలించి ఒక ఫలితం ప్రచురించింది. ఆరు నెలల్లోపు లోపం బయటపడిన పిల్లలు, ఆ తర్వాత బయటపడిన వాళ్లకంటే భాషలో స్పష్టంగా ముందున్నారు. లోపం ఎంత తీవ్రం అన్నదానికంటే ఎప్పుడు కనిపెట్టారు అన్నది ఎక్కువ తేడా తెచ్చిందన్నమాట. మన దగ్గర మామూలుగా జరిగేదేంటి? మూడో ఏట బళ్లో వేసినప్పుడు టీచర్ పిలిచి "మీవాడు పలకట్లేదండీ" అంటే కదలిక.

పరీక్ష కష్టమా అంటే అదీ కాదు. ఈ భాగం మన ఈసీఈ వాళ్లకి నచ్చుతుంది. 1948లో థామస్ గోల్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త, చెవి మైక్రోఫోన్‌లా ఊరికే అందుకునేది కాదు, లోపల ఒక యాంప్లిఫయర్ ఉండి తీరాలి అన్నాడు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 30 ఏళ్ల తర్వాత, 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ చెవిలో చిన్న మైక్ పెట్టి ఒక క్లిక్ వినిపిస్తే, కొద్ది మిల్లీసెకన్ల తర్వాత చెవి లోపలి నుంచే సన్నటి శబ్దం తిరిగి వచ్చింది. అంటే చెవి వినడమే కాదు, పలుకుతుంది కూడా! కాక్లియాలో సుమారు 12 వేల బయటి రోమకణాలు చేసే పని అది. ఓఏఈ పరీక్ష అంటే ఇదే. నిద్రపోతున్న బిడ్డ చెవిలో మెత్తటి ప్రోబ్ పెడతారు, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. సూది లేదు, నొప్పి లేదు.

దీనికీ పరిమితులున్నాయి. పుట్టిన మొదటి రోజు చెవిలో ఉమ్మనీటి తడి ఉంటే మంచి చెవి కూడా ఫెయిల్ అవ్వొచ్చు. అందుకే రిపోర్టులో ఫెయిల్ అని కాకుండా రెఫర్ అని రాస్తారు, కొన్ని వారాల్లో మళ్లీ చెయ్యాలి. రెఫర్ అని చూసి ఏడవనక్కర్లేదు, అలాగని కాగితం బీరువాలో పెట్టి మర్చిపోకూడదు. ఇంకోటి, కాక్లియా బాగుండి నరం దగ్గర ఇబ్బంది ఉంటే ఓఏఈ పాస్ అయిపోతుంది. పచ్చకామెర్లు బాగా ముదిరిన పిల్లలు, నెలలు నిండకుండా పుట్టి ఎన్‌ఐసీయూలో ఉన్న పిల్లల విషయంలో ఈ భయం ఉంది. వాళ్లకి బెరా చెయ్యాలి. తలకి ఎలక్ట్రోడ్లు అంటించి, క్లిక్కులు వినిపిస్తూ, మెదడు కాండం నుంచి వచ్చే విద్యుత్ స్పందన పడతారు. ఆ సంకేతం ఒక మైక్రోవోల్ట్ కూడా ఉండదు, చుట్టూ నాయిస్ అంతకి ఎన్నో రెట్లు. ఎలా పట్టుకుంటారు? వేల క్లిక్కులిచ్చి సగటు తీస్తారు. సంకేతం ప్రతిసారీ ఒకేచోట వస్తుంది, నాయిస్ రాదు కాబట్టి వర్గమూలం లెక్కన తగ్గుతూ పోతుంది. సిగ్నల్స్ క్లాసులో నిద్రపోయిన ఆ యావరేజింగే. మన ఉప్పల్ రోడ్డులో ఎన్‌జీఆర్‌ఐ ఉందే, భూమి పొరల నుంచి వచ్చే బలహీనమైన తరంగాల కోసం అలాంటి భూభౌతిక సంస్థలు చేసే స్టాకింగ్ కూడా ఇదే సూత్రం. 2017లో సోహమ్ అనే దేశీయ పరికరం విడుదలైంది. నవజాత శిశువులకి మెదడు స్పందన ద్వారా వినికిడి పరీక్ష చేసేది, బెంగళూరు స్టార్టప్ తయారుచేసింది. ఆ రోజు దాన్ని విడుదల చేసిన కేంద్ర సహాయ మంత్రి వై.ఎస్. చౌదరి మన తెలుగాయనే. కాబట్టి టెక్నాలజీ లేదనే మాట కుదరదు.

కారణాల దగ్గరికి వస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఒకటి మనసులో పెట్టుకోదగ్గది. ప్రపంచంలో 3 కోట్ల 40 లక్షల మంది పిల్లలకి ఇబ్బందిపెట్టే స్థాయిలో వినికిడి లోపం ఉంది. పిల్లల్లో వచ్చే వినికిడి లోపంలో దాదాపు 60 శాతం నివారించగలిగిన కారణాల వల్లే. గర్భిణికి రుబెల్లా సోకడం వాటిలో ఒకటి. 2017లో మనం బళ్లో ఉన్నప్పుడు వరసగా నిలబెట్టి మీజిల్స్-రుబెల్లా టీకా వేశారు, గుర్తుందా? ఆ భుజం నొప్పి మన చెవులకోసం కాదు, రేపు పుట్టబోయే పిల్లల చెవులకోసం కూడా. పసివాళ్లకి ప్రాణం కాపాడటానికి ఇచ్చే జెంటమైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు కొందరిలో లోపలి చెవిని దెబ్బతీస్తాయి. అవి వాడొద్దని కాదు, వాడిన పిల్లల చెవి తర్వాత తప్పకుండా చూడాలని. ఇక చెవిలో చీము. "పళ్లొస్తున్నాయి, అందుకే కారుతోంది" అని వేడి నూనె చుక్కలు పోస్తారు. కర్ణభేరికి చిల్లుపడిన చెవిలో నూనె పోస్తే ఏమవుతుందో ఇంజినీరు కానక్కర్లేదు ఊహించడానికి.

జన్యువుల సంగతి మాట్లాడాలంటే ఉప్పల్ కంటే మంచి ఊరు లేదు. హబ్సిగూడలో సీసీఎంబీ, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ, జన్యువుల్ని చదివే రెండు పెద్ద సంస్థలు మన బస్సు రూట్లోనే ఉన్నాయి. పుట్టుచెవుడుకి ఎక్కువగా కనిపించే జన్యు కారణం జీజేబీ2 అనే జన్యువులో మార్పు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ మార్పుని చెరొకటి మోస్తూ తమకి మాత్రం బాగానే వినపడుతూ ఉండొచ్చు. అప్పుడు ప్రతి కాన్పులో బిడ్డకి చెవుడు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికంలో, మేనమామతో పెళ్లిలో ఆ ఇద్దరూ ఒకే తాత నుంచి ఒకే మార్పు తెచ్చుకునే అవకాశం పెరుగుతుంది. అందుకే "మా ఇంట్లో ఎవరికీ లేదే" అన్న మాటకి అర్థం లేదు. చెవిటి పిల్లల్లో 90 శాతానికి పైగా వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు. "కోడలు వచ్చాకే ఇలా అయింది" అనే అత్తగార్లకి ఎవరైనా ఈ లెక్క బోర్డు మీద వేసి చూపించాలి. చెరి సగం అమ్మా, చెరి సగం!

ఇప్పుడు నాకు అన్నింటికంటే బాధ కలిగించే విషయం. పూర్తి చెవుడు ఎప్పటికైనా బయటపడుతుంది. సగం వినపడే పిల్లల సంగతే ఎవరికీ పట్టదు. స, శ లాంటి ధ్వనుల శక్తి చాలావరకు 4000 హెర్ట్జ్ ఆపైన ఉంటుంది, అచ్చులది ఎక్కువగా కింద. పై పౌనఃపున్యాలు వినపడని పిల్లకి "సీసా" అంటే "ఈఆ" అని అందుతుంది. ఇంకా చూడండి, తెలుగులో అర్థమంతా మాట చివర్లో ఉంటుంది. "అక్క తమ్ముణ్ణి కొట్టింది", "అక్కని తమ్ముడు కొట్టాడు". రెండింట్లో అక్క ముందే ఉంది, తమ్ముడు తర్వాతే ఉన్నాడు. ఎవరు ఎవర్ని కొట్టారో చెప్పేది చివరి ని, ణ్ణి, డు, ది. మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా మింగేసేవి కూడా అవే. అజంత భాష అని గొప్పగా చెప్పుకుంటాం కదా, ఆ చివర్లే వినపడని పిల్లకి విభక్తులు ఎలా వస్తాయి? పదో తరగతి తెలుగు పరీక్షలో విభక్తులు తప్పు రాసిన పిల్లని మొద్దు అన్నాం. ఎవరైనా ఆడియోగ్రామ్ తీయించారా?

ఈ పిల్లలకి చట్టం దగ్గరా చోటు లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ లోపం ఉంటే చెవుడు, 60 నుంచి 70 ఉంటే వినికిడి మాంద్యం. మామూలు సంభాషణే 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. 45 డెసిబెల్స్ లోపం ఉన్న పిల్ల వెనక బెంచీలో కూర్చుంటే, పైన ఫ్యాన్ల గోల, బయట ఎప్పటికి పూర్తవుతుందో తెలియని ఉప్పల్-నారపల్లి ఫ్లైఓవర్ పక్కన లారీల హోరు, ఆ మధ్యలో టీచర్ మాట దాదాపు అందనట్టే. సర్టిఫికెట్ మాత్రం రాదు. ఇలాంటి పిల్లలకి కావాల్సింది చాలా మామూలు సాయం, ముందు బెంచీ, ఒక హియరింగ్ ఎయిడ్, టీచర్ బోర్డువైపు తిరిగి మాట్లాడకపోవడం.

హియరింగ్ ఎయిడ్ అనగానే నామోషీ. "రంగస్థలం"లో చిట్టిబాబుని "సౌండ్ ఇంజినీర్" అంటే హాల్లో అందరం నవ్వాం. అతను చెవి మిషన్ పెట్టుకోవడానికి సిగ్గుపడటమే ఆ కథలో ఎంత దూరం పోయిందో చూశాం కూడా. అయినా మన వాట్సాప్ గ్రూపుల్లో వెటకారం మాత్రం ఆగలేదు. కళ్లజోడు పెట్టుకున్న పిల్లాణ్ణి "బాగా చదువుతాడు" అంటాం, చెవి మిషన్ పెట్టుకున్న పిల్లకి "పెళ్లెలా అవుతుంది" అంటాం. పైగా పసిపిల్లల చెవి పెరుగుతూ ఉంటుంది కాబట్టి చెవిలో పెట్టే మౌల్డ్ కొన్ని నెలలకోసారి మార్చాలి, లేకపోతే వదులై కీచుమంటుంది. ఆ కీచు వినలేక పెద్దవాళ్లే తీసి డబ్బాలో పెట్టేస్తారు.

మిషన్‌తో ఫలితం లేనంత తీవ్రమైన లోపానికి కాక్లియర్ ఇంప్లాంట్. వినే పని చేసే సుమారు 3500 లోపలి రోమకణాల బదులు 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు నరానికి నేరుగా సంకేతం ఇస్తాయి. అంత తక్కువ చానెళ్లతో మాట అర్థం చేసుకునేలా మెదడు సర్దుకోవడం నాకు ఇంజినీరింగ్ కంటే పెద్ద అద్భుతంగా అనిపిస్తుంది. ఖర్చు లక్షల్లో ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ దీన్ని పేద పిల్లలకి తెచ్చింది, నిజంగా మెచ్చుకోవాల్సిన పని. కేంద్రం అడిప్ పథకం కూడా ఉంది, 2014 మార్గదర్శకాల్లో దేశమంతటికీ ఏడాదికి 500 మంది పిల్లలు అని పెట్టారు. దేశం సైజు చూస్తే ఆ అంకె మీద వ్యాఖ్య అక్కర్లేదు. మన సిటీలో వెళ్లాల్సిన చోట్లు రెండు గుర్తుపెట్టుకోండి. ఒకటి కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి. రెండోది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం. 1983లో ముంబైలో పెట్టిన ఆ సంస్థకి పేరిచ్చిన అలీ యావర్ జంగ్ ఎవరనుకున్నారు? మన పక్కనున్న ఉస్మానియా యూనివర్సిటీకి ఒకప్పుడు వైస్ ఛాన్సలర్.

ఆపరేషన్ ఫోటోలు పేపర్లో వస్తాయి. ఆ తర్వాతి కథ రాదు. కోత మానాక, మూడు నాలుగు వారాలకి బయటి ప్రాసెసర్ ఆన్ చేస్తారు. ఆ రోజు బిడ్డ వయసు మూడేళ్లున్నా, వినికిడి వయసు సున్నా. అక్కణ్ణించి ఏళ్ల తరబడి శిక్షణ. వారానికి రెండుసార్లు నాచారం నుంచి సిటీ అవతలికి వెళ్లి రావాలంటే తల్లి పని మానెయ్యాలి. మానేస్తే అద్దె ఎవరు కడతారు? ప్రాసెసర్ కేబుల్ తెగితే వేలల్లో, వారంటీ అయ్యాక ప్రాసెసర్ మార్చాలంటే లక్షల్లో. లోపల ఇంప్లాంట్ ఉండి, బయట ప్రాసెసర్ పనిచేయక మళ్లీ నిశ్శబ్దంలోకి వెళ్లిన పిల్లల తల్లిదండ్రులు రెండు రాష్ట్రాల్లోనూ అర్జీలు పట్టుకుని తిరుగుతున్నారు. కేరళలో శ్రుతితరంగం పథకం రిపేర్లని, ప్రాసెసర్ మార్పిడిని కూడా ఇంప్లాంట్ పథకంలో భాగంగానే చూసింది. 2023 డిసెంబర్‌లో మన దగ్గర ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకి పెంచారు. సంతోషం. దాంతోపాటు ఈ కేబుళ్ల ఖర్చుకీ ఒక దారి చూపించి ఉంటే బాగుండేది. ఇప్పటికీ మార్కెట్లో ఉన్న ఇంప్లాంట్లు ఎక్కువగా ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, అమెరికా కంపెనీలవే. టార్పెడోల మీద పనిచేసే విశాఖ ఎన్‌ఎస్‌టీఎల్ తక్కువ ధరలో దేశీయ ఇంప్లాంట్ తయారీకి పూనుకుంది. ఫైనలియర్ ప్రాజెక్టుకి పదోసారి లైన్ ఫాలోయర్ రోబో చేసే మిత్రులారా, కాస్త ఇటు కూడా చూడండి.

భాష దగ్గరికి వచ్చాం. ఇంప్లాంట్ పెట్టాక తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న, "ఇంట్లో ఇంగ్లిష్‌లో మాట్లాడమంటారా?" బడి ఇంగ్లిష్, బొమ్మల కార్డులు ఇంగ్లిష్, యాప్‌లు ఇంగ్లిష్. ఐదో తరగతితో చదువు ఆపేసిన తల్లి, తనకి రాని భాషలో "దిస్ ఈజ్ యాపిల్" అని అప్పజెప్తూ కూర్చుంటుంది. పిల్లకి అందాల్సింది యాపిల్ అనే మాట కాదు. రోజంతా వంట దగ్గర, నీళ్ల ట్యాంకర్ దగ్గర, పడుకునేటప్పుడు అలవోకగా వచ్చే వేల మాటలు. శిక్షణ ఇచ్చేవాళ్లలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పేది కూడా అదే, తల్లికి బాగా వచ్చిన భాషలో మాట్లాడండి. అది తెలుగైతే తెలుగు, ఒడియా అయితే ఒడియా. "కాకి వచ్చింది చూడు, కావుకావు అంటోంది" అనడానికి ఏ కార్డూ అక్కర్లేదు. చెవిటి పిల్లకి రెండు భాషలు బరువు అని తెలుగుని ముందు కోసేసే సలహా ఎక్కడ వినిపించినా గట్టిగా కాదనాలి.

సైగల భాష గురించి కూడా ఒక మాట. 1880లో మిలాన్‌లో చేరిన అధ్యాపకుల సభ బడుల్లో సైగలు వద్దు, పెదవి కదలిక చూసి మాట్లాడటమే నేర్పాలి అని తీర్మానించింది. ఆ తీర్మానం నీడ వందేళ్లు పిల్లల మీద పడింది. సైగల భాషకి సొంత వ్యాకరణం ఉందని 1960లో విలియం స్టోకో చూపించాకగానీ పండితులు దాన్ని భాష అనలేదు. మన భారతీయ సంకేత భాషకి 2015లో ఢిల్లీలో పరిశోధన సంస్థ వచ్చింది, 2021 నాటికి దాని నిఘంటువులో 10 వేల పదాలు చేరాయి. ఇంప్లాంట్ పెట్టాం కాబట్టి చేతులు కట్టేయమనే వాళ్లతో నేను ఏకీభవించను. ప్రాసెసర్ తీసి స్నానం చేయించే అరగంటలో, బ్యాటరీ అయిపోయిన రాత్రి, ఆ పిల్లకి భాష ఉండొద్దా?

పై చదువుల్లో, ప్రభుత్వ, ఎయిడెడ్ సంస్థల్లో దివ్యాంగులకి 5 శాతం సీట్లు ఉండాలని అదే 2016 చట్టం చెప్తోంది. మన బ్యాచ్‌లో వినికిడి లోపం ఉన్నవాళ్లు ఎంతమంది? నాకు ఒక్కరూ తెలియదు. సీటు ఖాళీగా ఉండటానికి కారణం ఈఏపీసెట్ ర్యాంకు అనుకుంటాం. ఆ వరస 18 ఏళ్ల కిందట, ఏదో నర్సింగ్ హోమ్ నుంచి చెవి చూడకుండా డిశ్చార్జ్ చేసిన రోజున మొదలైంది.

మన క్లబ్బుకి నా ప్రతిపాదన చిన్నది. మార్చి 3 ప్రపంచ వినికిడి దినం. 3.3 అని అంకెల్లో రాస్తే రెండు చెవుల్లా ఉంటాయని ఆ తేదీ పెట్టారు. ఆ రోజుకల్లా పసిపిల్లల తల్లులకి పనికొచ్చే తెలుగు ఆటలు, కబుర్లు, లాలిపాటల ధ్వనులు స్పష్టంగా, నెమ్మదిగా రికార్డు చేసి ఒక ఉచిత కట్ట తయారుచేద్దాం. ఏ మాట ఎలా వాడాలో శిక్షకులని అడిగి తెలుసుకుందాం. ఒడియా, హిందీ వచ్చినవాళ్లు మన హాస్టల్లోనే ఉన్నారు, వాళ్లనీ కలుపుకుందాం. ఇంకో బృందం ఉప్పల్, నాచారం, హబ్సిగూడలో కాన్పులు చేసే ప్రతి ఆసుపత్రికీ వెళ్లి ఒకే ప్రశ్న అడగాలి, "డిశ్చార్జ్‌కి ముందు పిల్లల చెవి పరీక్ష చేస్తారా?" అవును అన్నవాళ్ల పేర్లు మాత్రమే మన ఈ-పత్రిక వచ్చే సంచికలో వేద్దాం. లేదు అన్నవాళ్ల పేర్లు వెయ్యక్కర్లేదు, మొదటి జాబితా చూశాక వాళ్లే ఫోన్ చేస్తారు.